ముందు లేచినవాళ్ళ నంబరు

నాలుగేళ్ళపాటు ప్రతి పొద్దున ఏడింటికల్లా ఆఫీసు గది తాళం తీసి, ముందు ప్రింటర్ స్విచ్ వేసి, అది గరగరమని తిరిగి పచ్చలైటు వెలిగేదాకా దాని ముందు నిలబడ్డాను. ఆ లైటు వెలిగేదాకా ఇంకెవరూ కంప్యూటర్ ముట్టుకోకూడదు. అది నేను పెట్టిన రూలు. పెద్ద సిస్టరమ్మ పెట్టిన రూళ్ళు ఆ దవాఖానాలో గోడకొకటి ఉండేవి గానీ వాటిలో సగం ఎవరూ పట్టించుకునేవాళ్ళు కాదు. నా రూలు మాత్రం డాక్టరు దగ్గర్నుంచి ఊడ్చే మనిషి దాకా కిక్కురుమనకుండా పాటించారు. అప్పట్లో దానికి మురిసిపోయాను, నా మొహం మండ.

భద్రాచలంలో బస్సు మారి అడవి వైపు గంటసేపు పోతే వచ్చే చిన్న మిషన్ దవాఖానా అది. నేను అక్కడ కంప్యూటర్ ఆపరేటర్ని. ఏడాదికోసారి తిరగరాసే కాంట్రాక్టు మీద చేరాను. మాది బొగ్గుబావుల ఊరు, నాన్న బావిలో పంపు ఆపరేటర్‌గా చేసి రిటైరయ్యాడు. మా ఇంట్లో శిలువ ఉంటుంది గానీ విగ్రహాలు ఉండవు. అందుకని క్యాథలిక్ సిస్టర్ల దగ్గర ఉద్యోగం అనగానే అమ్మకు పట్టుకున్న మొదటి బెంగ, నన్ను మేరీమాత ముందు మోకాళ్ళ మీద కూర్చోబెడతారేమోనని. నెల తరువాత ఫోన్లో అదే అడిగితే, మోకాళ్ళ మీదే ఉంటున్నానమ్మా, కాకపోతే ప్రింటర్ ముందు అన్నాను. అబద్ధమేమీ కాదు. కాగితం ఇరుక్కున్నప్పుడల్లా దాని పొట్టలోకి తొంగిచూడాలంటే మోకరించక తప్పదు.

నాకిచ్చిన గది అంతకుముందు సెలైన్ బాటిళ్ళ స్టోరు. ఒకటే కిటికీ, దానికి కోతుల భయానికి ఇనుప జాలీ. తలుపు తెరిచి ఉంచితే కోతులు వచ్చి కాగితాలు ఎత్తుకుపోతాయి, మూసి కూర్చుంటే ఉక్కకు ప్రాణం పోతుంది. నేను మూసుకునే కూర్చునేదాన్ని. జాలీ అవతల కొమ్మ మీద కోతులు వరసగా కూర్చుని నన్ను చూసేవి. జంతువుల పార్కులో లోపల ఉన్నదెవరు, బయట ఉన్నదెవరు అని నవ్వుకునేదాన్ని మొదట్లో. తరువాత తరువాత నవ్వు రాలేదు.

నేను చేరేటప్పటికి దవాఖానాలో నాలుగు కంప్యూటర్లున్నాయి. వాటిలో విండోస్‌కు వైరస్ పట్టి, పట్టణం నుంచి ఒక ఇంజినీరు సేవగా వచ్చి, అన్నిట్లో దానికి బదులు ఉచితంగా దొరికే లైనెక్స్ ఎక్కించి, ఒక కాగితం మీద నాలుగు ముక్కలు రాసిచ్చి వెళ్ళిపోయాడట. ఆ తరువాత ఎవరో దాత పుణ్యమా అని లేజర్ ప్రింటర్ వచ్చింది. వైరుతో ఒక్క కంప్యూటర్‌కు తగిలించేది కాదు, నెట్‌వర్క్‌లో పెడితే నాలుగు గదుల నుంచీ ప్రింటు పంపుకోవచ్చు. డబ్బాలో వచ్చిన సీడీ విండోస్‌కే పనికొస్తుంది. లైనెక్స్ అన్న మాట దానితో వచ్చిన పుస్తకంలో ఏ మూలా లేదు.

దాన్ని నడిపించడానికి నాకు మూడు వారాలు పట్టింది. బ్రౌజర్ తెరిచి ప్రింటర్ల పేజీలోకి పోయి, దాని అడ్రసు కొట్టి, కంపెనీ పేరు కింద ఉన్న వందల మోడళ్ళలో మనది వెతుక్కోవాలి. మనది లేదు. దగ్గరగా ఉన్నది పెడితే పేజీకొక వంకర గీత చొప్పున ట్రే ఖాళీ అయ్యేదాకా ఉమ్మింది. ఇంకొకటి పెడితే ఇంగ్లిష్ వచ్చింది, తెలుగు అక్షరాల చోట డబ్బాలు వచ్చాయి. చివరికి దీనికంటే పాత మోడల్, వరసకు పెద్దన్నలాంటిది, దాని పేరు పెట్టి చూస్తే టెస్ట్ పేజీ ముత్యంలా దిగింది. ఆ వేడి కాగితాన్ని ఎత్తి పట్టుకుని వరండాలోకి పరుగెత్తాను. సిస్టరమ్మ శిలువ గుర్తు వేసుకుంది. నర్సులు చప్పట్లు కొట్టారు. ఆ రోజు రాజభోగం నాది.

మర్నాడు పొద్దున అది ఒక్క పేజీ కూడా ఇవ్వలేదు.

ఆ మర్నాడు ఇచ్చింది. ఆపై రెండు రోజులు ఇవ్వలేదు. ఓపీ చీటీలు, డిస్‌చార్జి కాగితాలు, పెద్దాసుపత్రికి రాసే రిఫరల్ ఉత్తరాలు అన్నీ దాని మీదే ఆధారపడ్డాయి, కౌంటర్ దగ్గర జనం. అందరూ నా గది వైపే చూపు. ఏ మార్పూ చేయకుండా ఒకరోజు నడిచి ఒకరోజు ఆగే యంత్రాన్ని చూస్తే ఎంత ఒళ్ళు మండుతుందో అనుభవించినవాళ్ళకే తెలుస్తుంది. దాన్ని ఒకసారి చెంప మీద కొట్టాను కూడా. నా చెయ్యే నొచ్చింది.

కిటుకు అర్థమైంది రెండో నెలలో. ఆ దవాఖానాలో ఒక అలవాటుంది. ఒకసారి పిడుగు పడి సామాన్లు కాలిపోయాయని, సాయంత్రం ప్రార్థన గంట కొట్టగానే ఆఫీసు వైపు మెయిన్ స్విచ్ దించేయాలి. వార్డులకు కరెంటు వేరే. ఆ మెయిన్ దించితే, కంప్యూటర్లనూ ప్రింటర్‌నూ కలిపే రూటర్ కూడా ఆగిపోతుంది. పొద్దున అది లేచి, నిన్నటి సంగతులన్నీ మరిచిపోయి, ముందు ఎవరు లేస్తే వాళ్ళకు మొదటి నంబరు, తరువాత లేచినవాళ్ళకు తరువాతి నంబరు పంచిపెడుతుంది. నేను ప్రింటర్‌ను నిలబెట్టిన రోజు దానికి దక్కింది మొదటి నంబరు. కంప్యూటర్లన్నిటికీ ప్రింటర్ అడ్రసు అదేనని చెప్పి ఉన్నాను. పొద్దున కౌంటర్ నర్సు ముందుగా తన కంప్యూటర్ వేస్తే ఆ నంబరు దానికి పోతుంది, మా కాగితాలన్నీ ఆ నంబరు తలుపు కొట్టి జవాబు లేక అక్కడే పడి ఉంటాయి. అంతే. అంతకు మించి బ్రహ్మవిద్య ఏమీ లేదు.

దానికి మందు కూడా ఆ వారమే తెలిసింది. ప్రింటర్ మీదున్న బటన్లు నొక్కి, మెనూలోకి పోయి, నీ నంబరు ఇది, రూటర్ పంచేదాని కోసం చూడకు అని దానికి ఒక స్థిరమైన నంబరు ఇచ్చేయాలి. ఐదు నిమిషాల పని. చేస్తే ఇంక జన్మలో దాని జోలికి ఎవరూ పోనక్కర్లేదు.

నేను చేయలేదు. ఎందుకు చేయలేదో చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను.

ఆ నెలలోనే మందుల గదిలో టైపు చేసే అమ్మాయిని తీసేశారు. పని సాఫీగా సాగుతోంది కదా, ఇక మనిషెందుకు అన్నారు. ఆదివారం ఇంటికి పోయినప్పుడు నాన్నకు ఆ సంగతి, నా ప్రింటర్ సంగతి రెండూ చెప్పాను. నాన్న బావిలో ఇరవై ఏళ్ళు ఒకే పంపు మీద చేశాడు. దాన్ని లేపే పట్టు తనకొక్కడికే తెలుసని, ఇంజినీర్లు కూడా తన కోసం క్వార్టర్‌కు జీపు పంపేవాళ్ళని చెప్పుకుని మీసం దువ్వుకునేవాడు. నేను చెప్పింది విని, చాయ్ సాసర్‌లో పోసుకుంటూ అన్నాడు:

"పనంతా చూపియ్యకు బిడ్డా. చూపిస్తే నీతోటి పనేముంటది? నా పంపు నా చెయ్యి పడితెనే లేచేది. అందుకే నన్ను ఎవ్వడు కదిలియ్యలే."

నాన్న మాట నాకు వేదం. తిరిగి వచ్చి, ప్రింటర్‌కు నంబరు ఇవ్వడం మానేసి, రూలు పెట్టాను. ముందు ప్రింటర్ లేవాలి. దానికి చాలా సున్నితమైన లెక్కలున్నాయని, క్రమం తప్పితే పాడైపోతుందని సిస్టరమ్మకు చెప్పాను. ఆమె పాపం నమ్మింది. కాంట్రాక్టు తిరగరాసే రోజు వచ్చినప్పుడు నా కాగితం మీద అందరికంటే ముందు సంతకం పెట్టింది.

అయితే నాన్న ఒక సంగతి చెప్పలేదు. నన్ను ఎవ్వడూ కదిలించలేదు అన్నవాడు, తనే కదలలేకపోయాడన్నది చెప్పలేదు. నా చిన్నప్పుడు బడిలో బహుమతులిచ్చిన రోజుకు, మా చిన్నాన్న పెళ్ళికి, తాత మట్టికి, దేనికీ నాన్న పూర్తిగా లేడు. సగంలో జీపు వచ్చేది. రిటైరయ్యాక వారం రోజులు ఫోన్ పక్కనే కూర్చున్నాడు, పంపు లేవడం లేదని బావి నుంచి కబురొస్తుందని. రాలేదు. కొత్తగా వచ్చినవాడు దాన్ని మూడో రోజుకే లేపేశాడట.

నాకూ అదే గతి పట్టింది. అందరికీ శకునం చెప్పే బల్లి కుడితిలో పడ్డట్టు, నా రూలు నాకే చుట్టుకుంది. సెలవు పెట్టాలంటే సిస్టరమ్మ ముఖం చిన్నబోయేది. మరి ప్రింటర్ ఎలాగమ్మా అనేది, పసిబిడ్డను వదిలిపోతున్న తల్లిని అడిగినట్టు. ఇల్లందులో మా పెద్దమ్మ కూతురి పెళ్ళికి పోతే, తాళి కట్టేవేళకు నేను ఫంక్షన్ హాల్ బయట జనరేటర్ పక్కన నిలబడి, ముందు అన్నీ ఆపండి, ఇప్పుడు ప్రింటర్ వేయండి, లైటు వెలిగిందా అని ఫోన్లో అరుస్తున్నాను. జ్వరమొచ్చి పడుకున్నా పొద్దున ఏడింటికి దుప్పటి కప్పుకుని వచ్చి స్విచ్ వేసి పోయేదాన్ని. క్వార్టర్‌కు, ఆ గదికి మధ్య ఉన్న వంద అడుగుల బాట తప్ప నాకు ఇంకో ప్రపంచం లేకుండా పోయింది.

తప్పనిసరి సెలవుల కోసం ఆయమ్మకు నేర్పాను. ఆయమ్మ యాభై ఏళ్ళ మనిషి. వాగు అవతల కోయగూడెం నుంచి నడిచి వచ్చి దవాఖానా ఊడ్చి తుడిచేది, సాయంత్రం మెయిన్ దించేదీ ఆమే. చదువు లేదు. నేను ప్రింటర్ స్విచ్ ఏదో గుర్తుండేందుకు ఏమి పెడదామా అని చూస్తుంటే, తన నుదుటి మీది ఎర్ర బొట్టుబిళ్ళ తీసి స్విచ్ మీద అంటించి, ఇగ మరువను అంది. నేను లేని రోజుల్లో మామూలుగా తొమ్మిదింటికి రావలసిన మనిషి ఏడింటికే వచ్చేది. అంటే చీకటితో ఇల్లు వదిలేది. వాగు నిండితే ముందురోజే వచ్చి వార్డు వరండాలో పడుకునేది. నేను ఇంట్లో అమ్మ చేతి అన్నం తింటున్న రోజులవి. నాకు అదేమంత పెద్ద సంగతిగా అనిపించలేదు. ఒక్క స్విచ్చే కదా.

మూడో ఏడు క్రిస్మస్‌కు నేను మూడు రోజులు ఇంటికి పోవాలనుకున్నాను. ఆయమ్మ తనకూ ఆ రోజుల్లోనే ఊళ్ళో కొత్తల పండుగ పడిందని, తాను పోవాలని నసిగింది. వాళ్ళలో కొత్తగా కాసిన చిక్కుడుకాయను ముందు పెద్దలకు పెట్టి, ఇంటిల్లిపాదీ కలిసి తిన్న తరువాతే ఆ ఏడు ముట్టుకుంటారు. ఊరి పెద్దలు ఏ రోజు అనుకుంటే ఆ రోజే. నేను ఆమె చెయ్యి పట్టుకుని బతిమాలాను. మూడు రోజులే ఆయమ్మా, వచ్చే ఏడు నువ్వు పో, నేనుంటా అన్నాను. ఆమె కాసేపు ఆ బొట్టుబిళ్ళ వైపు చూసి, సరే పో బిడ్డా అంది. నేను కేకులు కొనుక్కుని బస్సెక్కాను.

ఆ చలికాలమంతా దవాఖానా మెస్సులో వారానికి రెండుసార్లు చిక్కుడుకాయ కూర. ఆయమ్మ దాన్ని ముట్టలేదు. పక్కకు నెట్టి మిరపకాయ పచ్చడితో తినేది. ఏందాయమ్మా, సిస్టరమ్మ కూర నోటికి పట్టలేదా అని నేను ఎగతాళి చేశాను. ఆమె నవ్వి ఊరుకుంది. సంక్రాంతి పోయిన కొన్నాళ్ళకు వాళ్ళమ్మ పోయిందని తెలిస్తే, సిస్టరమ్మతో కలిసి జీపులో గూడెం పోయి పలకరించి వచ్చాను. చాలా ముసలామె, హాయిగా పోయింది అనుకున్నాం దారిలో.

నాలుగో ఏడు వానాకాలంలో నాకు వైరాలో ఒక కాలేజీ ల్యాబులో ఉద్యోగం వచ్చింది. పక్కా ఉద్యోగం. సోమవారం చేరాలి, చేరేటప్పుడు ఇక్కడి నుంచి రిలీవింగ్ కాగితం చూపాలి. అది లేకపోతే ఉద్యోగం జాబితాలో తరువాతి పేరుకు పోతుంది. ముందరి సోమవారం నాడు ఆ కబురు చేతిలో పట్టుకుని సిస్టరమ్మ గదిలోకి పోయాను. ఆమె సంతోషించింది, నిజంగానే. నా తల మీద చెయ్యి పెట్టింది. తరువాత అద్దాలు తీసి బల్ల మీద పెట్టి అంది:

"నిన్ను ఆపి నేనేం చేసుకుంటానమ్మా. కానీ రేపు జనం కౌంటర్ దగ్గర నిలబడితే నేనెవర్ని పిలవాలి? నీ చెయ్యి పడకుండా మూడు పొద్దులు ఆ ప్రింటర్ నడవనీ. నాలుగో రోజు నీ కాగితం నేనే కొట్టిస్తాను."

అడకత్తెరలో పోకచెక్కనయ్యాను. నిజం చెప్తే నాలుగేళ్ళు నేనాడిన నాటకం బయటపడుతుంది. చెప్పకపోతే సోమవారం నా చేతిలో ఏమీ ఉండదు, ఈ జాలీ కిటికీ తప్ప. చివరికి దొంగబుద్ధే గెలిచింది. ఎవరికీ చెప్పకుండా ఇప్పుడు ఆ ఐదు నిమిషాల పని చేసేసి, ప్రింటర్ దానంతటదే కుదుటపడింది అని చేతులు దులుపుకుందామనుకున్నాను.

మంగళవారం మధ్యాహ్నం అందరూ భోజనాలకు పోయాక తలుపు వేసుకుని ప్రింటర్‌కు స్థిరమైన నంబరు ఇచ్చాను. ఏ నంబరు? నాలుగు కంప్యూటర్లలో ఉన్న అడ్రసు మార్చాలంటే నాలుగు గదుల్లోకీ పోవాలి, ఎందుకు మారుస్తున్నావని అడుగుతారు. అందుకని పాత మొదటి నంబరునే దానికి శాశ్వతం చేశాను. ప్రింటు వచ్చింది. ఇంత తేలికైన పనికి నాలుగేళ్ళా అనుకున్నాను గానీ, బట్టలు సర్దుకోవడంలో పడి మరిచిపోయాను. ఆయమ్మతో, రేపటి నుంచి నేను రాకపోయినా నువ్వు పొద్దున్నే రానక్కర్లేదు, ఎవరు ముందు వేసినా ఫరవాలేదు అని చెప్పాను. ఆమె నన్ను వింతగా చూసింది.

బుధవారం పొద్దున నేను క్వార్టర్‌లోనే ఉండిపోయాను. ఏడు దాటింది, ఎనిమిది దాటింది. నాలుగేళ్ళలో మొదటిసారి ఎండ కిటికీలోంచి మంచం మీదికి రావడం చూశాను. తొమ్మిదింపావుకు కౌంటర్ నర్సు పరుగెత్తుకొచ్చింది. ఒక్క కాగితం రావడం లేదట. వరండా నిండా జనం, డాక్టరు చేత్తో రాస్తున్నాడట, సిస్టరమ్మ పిలుస్తోందట.

నేను చేసిన తప్పు అక్కడికి నడిచేలోపే తెలిసిపోయింది. ప్రింటర్‌కు మొదటి నంబరు శాశ్వతం చేశాను సరే, ఆ సంగతి రూటర్‌కు చెప్పలేదు. అది రోజూలాగే ముందు లేచిన కౌంటర్ కంప్యూటర్‌కు అదే నంబరు ఇచ్చేసింది. బస్సులో ఒకే సీటుకు ఇద్దరికి టికెట్ కొట్టినట్టు. రెండూ ఆ సీటు నాదంటే నాదని కూర్చున్నాయి, మధ్యలో కాగితాలకు దారి లేదు. సిస్టరమ్మ జనం వైపు చూసింది, నా వైపు చూసింది. చూశావా అమ్మా, నువ్వు లేనిదే ఇది నడవదు అంది మెల్లగా. ఆ మాట కోసమే కదా నాలుగేళ్ళు కష్టపడ్డాను.

ఆ పూటకు కౌంటర్ కంప్యూటర్‌కు చేత్తో వేరే నంబరు ఇచ్చి పని నడిపించాను. సాయంత్రం ఓపీ అయిపోయాక, ఈసారి తప్పుడు పని కాకుండా సరిగ్గా చేయడానికి కూర్చున్నాను. రూటర్‌లోకి పోయి వందలోపు నంబర్లే పంచమన్నాను. ప్రింటర్‌కు రెండువందల నంబరు ఇచ్చాను, అది ఎవరికీ పంచేది కాదు. నాలుగు గదుల్లోకీ పోయి నాలుగు కంప్యూటర్లలో అడ్రసు మార్చాను. ఇంక పరీక్షించాలి. దానికి మెయిన్ దించి ఎత్తాలి, ఒక్కో వరసలో మళ్ళీ మళ్ళీ. ఆయమ్మను పిలిచాను.

ఆమె మెయిన్ దించింది, ఎత్తింది. ముందు కౌంటర్‌ది వేయి అన్నాను, వేసింది. తరువాత మందుల గది, తరువాత డాక్టరు గది, తరువాత నాది. అన్నిటికంటే చివర ప్రింటర్ వేయి అన్నాను. ఎర్ర బొట్టుబిళ్ళ మీద వేలు పెట్టి ఆగిపోయింది. చివరికా, పాడైతది కదా అంది. కాదులే వేయి అన్నాను. పచ్చలైటు వెలిగింది. కౌంటర్ నుంచి ప్రింటు పంపాను. కాగితం వచ్చింది. మళ్ళీ మెయిన్ దించాం, వరస మార్చాం. మళ్ళీ వచ్చింది. మూడోసారీ వచ్చింది. నాకు ఏడుపొచ్చేంత హాయిగా ఉంది.

ఆయమ్మ మూడు కాగితాలనూ ఒకదాని మీద ఒకటి పేర్చి బల్ల మీద పెట్టి, స్టూలు మీద కూర్చుంది. తన కూతుర్ని అడిగినట్టే మామూలుగా అడిగింది:

"గీ ఉపాయం నీకెప్పుడు తెలిసింది బిడ్డా?"

ఇవ్వాళే అని అనొచ్చు. నోటి దాకా వచ్చింది కూడా. ఆ మనిషి నాతో ఎప్పుడూ అబద్ధమాడలేదు. రెండో నెలలోనే తెలుసు ఆయమ్మా అన్నాను.

ఆమె వేళ్ళ మీద ఏదో లెక్క పెట్టుకుంది. బయట ప్రార్థన గంట ఇంకా కొట్టలేదు. జాలీ అవతల ఒక్క కోతి కూడా లేదు.

"అయితే ఆ యేడు నేను కొత్తలకు పోవచ్చుండె."

"పోయుండొచ్చు ఆయమ్మా."

"మా అమ్మ చేతి కొత్తలు గవే ఆఖరు. నేనస్తనని నా వంతు ఆకుల కట్టి పెట్టిందట. నేను పోయేవరకు మురిగినయి. అందరితోటి తినకపోతె, తరువాత తింటె లెక్కల రాదు బిడ్డా. అమ్మ పోయేదాక నన్ను అడుగుడే. ఎందుకు రాలేదే అని. మా బిడ్డ మిషన్ పాడైతదంట అమ్మా అని చెప్పిన."

మా బిడ్డ అంటే నేను.

ఆమె కాళ్ళ మీద పడదామనిపించింది. నేను ప్రింటర్ ముందు వందసార్లు వంచిన మోకాళ్ళు ఆ రోజు వంగలేదు. తప్పయింది ఆయమ్మా అని మాత్రం అన్నాను. గంట కొట్టింది. ఆమె లేచి పోయి మెయిన్ దించింది. గది చీకటయ్యింది.

గురు, శుక్ర, శనివారాలు ప్రింటర్ నా చెయ్యి పడకుండా నడిచింది. ఎవరు ముందు లేచారో, ఎవరు వెనక లేచారో దానికి పట్టింపు లేదు. సిస్టరమ్మ ఆశ్చర్యపోయి, ఇదేమి మహిమ అని ఆయమ్మను అడిగిందట. అమ్మాయి దానికి కొత్త నంబరు ఇచ్చిందంట అని చెప్పి ఊరుకుందట ఆయమ్మ. అంతకంటే ఒక్క ముక్క చెప్పలేదు. నేనూ చెప్పలేదు. సిస్టరమ్మకు నిజం చెప్పకుండానే ఆ ఊరు వదిలాను, ఆ పిరికితనం కూడా నాదే.

ఆదివారం పూజ అయ్యాక సిస్టరమ్మ కౌంటర్‌లో కూర్చుని నా రిలీవింగ్ కాగితం ప్రింటు పంపింది. దాన్ని నా గదిలోంచి ఆయమ్మ తెచ్చింది. వాగు పెరుగుతోంది, మధ్యాహ్నం బస్సు తప్పితే మళ్ళీ ఎప్పుడో అని అందరూ తొందరపెడుతున్నారు. కాగితం ఇంకా వెచ్చగా ఉంది. ఆయమ్మ దాన్ని నా చేతిలో పెట్టి, సంచి పట్టుకుని బస్సు దాకా వచ్చింది. బస్సు కదిలేటప్పుడు కిటికీ దగ్గరికొచ్చి ఒక్కటే మాట అంది.

"ఆడ ఎవరికన్న నేర్పు బిడ్డా. జల్దీ నేర్పు."

వైరాలో చేరిన మొదటి రోజే ల్యాబులోని ప్రింటర్‌కు స్థిరమైన నంబరు ఇచ్చి, ఆ నంబరు, దాన్ని మార్చే పద్ధతి తెలుగులో రాసి గోడకు అంటించాను. ఒకవేళ నేను రాకపోయినా ఎవరికీ ఇబ్బంది లేదు. సెలవడిగితే సరే పో అంటారు. మొన్న చలికాలం దవాఖానాకు ఫోన్ చేస్తే, ఆయమ్మ కొత్తలకు పోయింది, నాలుగు రోజుల దాకా రాదు అన్నారు. ప్రింటర్ సంగతి అటు వాళ్ళూ ఎత్తలేదు, నేనూ అడగలేదు.

ఇక్కడి మెస్సులో కూడా ఈ కాలంలో వారానికి రెండుసార్లు చిక్కుడుకాయ కూర పెడతారు. నాకెందుకు వడ్డించడం లేదని కొత్తగా వచ్చినవాళ్ళు అడుగుతుంటారు. నేను పచ్చడితో తింటాను.